సూదికి అంటు లేదన్నారు

మొన్న మంగళవారం పొద్దున మా నర్సమ్మ పోయింది. ఎనభై ఏడేళ్ళు. రాత్రి పెరుగన్నం తిని పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదు. పుప్పాలగూడలో కూతురి ఫ్లాట్‌లో ఉండేది. ఆ కూతురే ఫోన్ చేసి, "అక్కా, అమ్మ వెళ్ళిపోయింది" అని పెట్టేసింది.

పది నిమిషాలకు మరో ఫోన్. అదే అపార్ట్‌మెంట్‌లో ఉండే, నాకు కాస్త తెలిసిన ఆవిడ. ముందు అయ్యో అంది, మహా మంచి మనిషి అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఏమీ అనుకోకండి. ఆవిడకు సాయంగా ఉండే అమ్మాయికి హెచ్ఐవి ఉంది కదా, ఇద్దరూ ఒకే గ్లాసులో టీ తాగేవాళ్ళట. దానివల్లేనంటారా?" అని అడిగింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎనభై ఏడేళ్ళ మనిషి నిద్రలో కన్నుమూస్తే దానికి కూడా మనకొక నేరస్తురాలు కావాలి! "మీరు ఏం చదువుకున్నారండీ?" అని అడిగాను. ఆవిడ నిజంగానే తన డిగ్రీ పేరు చెప్పింది. నేను ఫోన్ పెట్టేశాను. ఆవిడకు చెప్పకుండా మింగిన మాటలే ఇప్పుడు మీకు చెబుతున్నాను. నర్సమ్మ బతికుంటే ఇంత కోపంగా చెప్పనిచ్చేది కాదు. లేదు కాబట్టి చెబుతున్నాను.

డెబ్బైల మొదట్లో నాకు పదేళ్ళు. ఇప్పటి మాదాపూర్ మెట్రో స్టేషన్‌లో దిగి పావుగంట నడిస్తే వచ్చేది మా ఊరు. ఇప్పుడు వెళ్తే హాస్టళ్ళూ, బిర్యానీ పాయింట్లూ, మెడ నొప్పి పుట్టేంత ఎత్తు అద్దాల భవనాలూ తప్ప ఊరు కనపడదు. అప్పుడు యాభై ఇళ్ళు, చుట్టూ బండరాళ్ళు, సీతాఫలం పొదలు, అందరికీ కలిపి ఒకే మంచినీళ్ళ బావి. మాకు నాలుగు బర్రెలుండేవి. మా నాయిన పాల క్యాన్లు సైకిలుకు కట్టుకుని పట్నం పోయి పోసి వచ్చేవాడు. ఊళ్ళో సగం ఇళ్ళకు మా పాలే.

నర్సమ్మ వారానికి రెండుసార్లు శేరిలింగంపల్లి నుంచి నడిచి వచ్చేది. అక్కడి సర్కారు దవాఖానలో నర్సు, కోస్తా జిల్లాల మనిషి. ఆంధ్రా ఉద్యోగులంటే మావైపు జనానికి గిట్టని రోజులవి. ఆమె "ఏవండీ, రండి" అంటే వెనకాల నవ్వేవాళ్ళు. భుజాన సంచిలో చిన్న కిరసనాయిలు స్టవ్వు, మూత ఉన్న స్టీలు గిన్నె, ఒక అలారం గడియారం. ఊరి పెద్ద పటేలు ఇచ్చిన పాత గడ్డి కొట్టంలో కూర్చుని స్టవ్వు వెలిగించి, ఆ గిన్నెలో సూదులూ గాజు సిరంజీలూ మరగబెట్టేది. నీళ్ళు తెర్లడం మొదలయ్యాక గడియారం తిప్పిపెట్టేది. ఇరవై నిమిషాలకు అది మోగితే తప్ప మూత తీసేది కాదు. మధ్యలో ఎవరైనా మూత ఎత్తి తొంగిచూస్తే మళ్ళీ మొదట్నుంచి. ఒక మనిషికి గుచ్చిన సూది మళ్ళీ గిన్నెలో పడి ఉడకాల్సిందే.

జనానికి విసుగు. "సూదులేమన్న కందిపప్పా నర్సమ్మా, గింతసేపు ఉడకనీకె?" అని అడిగేవాళ్ళు.

"పప్పు ఉడక్కపోతే మీ కడుపు నొప్పండి. సూది ఉడక్కపోతే మీ ప్రాణానికి నొప్పి" అనేది. ఎవరికీ అర్థమయ్యేది కాదు.

మా ఊరికి నచ్చిన వైద్యుడు వేరే ఉన్నాడు. గురువారం గురువారం స్కూటరు మీద పట్నం నుంచి వచ్చేవాడు. అందరం సూది డాక్టరు అనేవాళ్ళం. ఏం చదివాడో ఎవరూ అడగలేదు. పటేలు ఇంటి అరుగు మీద కూర్చుంటే ఊరంతా వరసకట్టేది. ఒక సిరంజి, ఒక సూది. ఒకరికి పొడిచి, స్పిరిటు దూదితో ఒక్క తుడుపు తుడిచి, తర్వాతి మనిషికి పొడిచేవాడు. అరగంటలో ముప్పై మంది అయిపోయేవాళ్ళు. నాట్ల ముందు ఎర్ర రంగు బలం సూది వేయించుకోవడం మా ఊరికి పండగ లాంటిది. బిళ్ళలిచ్చే డాక్టరు మాకు డాక్టరు కిందే లెక్క కాదు. రోజూ అంత దూరం సైకిలు తొక్కుతాడు కాబట్టి మా నాయిన వరసలో ఎప్పుడూ ముందే నిలబడేవాడు.

ఆ ఏడు దసరా అయ్యాక మా నాయిన కళ్ళు పచ్చబడ్డాయి. అన్నం సయించలేదు, మంచం దిగలేదు. వారానికి ఇంకో ఇద్దరికి అలాగే అయింది. పసిర్కలు అన్నారు, అంటే కామెర్లు. మొదట వచ్చింది మా ఇంట్లో కాబట్టి మా పాలతోనే వచ్చాయని ఒకరన్నారు. సాయంత్రానికి ఊరంతా అంది. మర్నాడు మా ఇంటికి చెంబు పట్టుకుని ఒక్కరూ రాలేదు. పిండిన పాలు మా అమ్మ ఏడుస్తూ కుడితిలో పోసింది. బావి దగ్గర మా బొక్కెన తీసి విసిరేశారు. మేం దూరంగా కుండ పెట్టుకుని నిలబడితే, ఎవరికైనా దయ కలిగితే పైనుంచి పోసేవాళ్ళు. బడిలో నన్ను గడప అవతల కూర్చోబెట్టారు. గడప ఇవతల కూర్చున్న పిల్లలు నిన్నటిదాకా మా పాలు తాగినవాళ్ళే.

మనుషులకైతే కుండెడు నీళ్ళు చాలు. నాలుగు బర్రెలకు చాలవు. అవి కట్టుకొయ్యల దగ్గర అరుస్తుంటే మా నాయిన గోడవైపు తిరిగి పడుకునేవాడు.

అప్పుడు మా గడపలో అడుగుపెట్టింది నర్సమ్మ ఒక్కతే. మొదటిరోజు నాకు బాగా గుర్తు. ఎండన పడి వచ్చి, నాయిన మంచం పక్కన పీటేసుకుని కూర్చుంది. ఆయన కనురెప్పలు కిందికి లాగి చూసింది. తర్వాత ఆయన తాగి పెట్టిన గిలాస తీసి, అందులో మిగిలిన నీళ్ళు గటగటా తాగేసింది.

మా అమ్మ అదిరిపోయింది. "అయ్యో, అవి ఆయన తాగిన ఎంగిలి నీళ్ళు నర్సమ్మా! నీకేమన్న అయితే మాకు పాపం తగుల్తది!"

"దాహమేసిందండి. నీళ్ళే కదా, విషం కాదుగా" అంది ఆమె, మూతి తుడుచుకుంటూ. ఆ రోజు మా అమ్మ ఏడ్చిన ఏడుపు వేరు. పదిహేను రోజుల తర్వాత ఒక మనిషి మమ్మల్ని మనుషుల్లా చూసింది.

ఆ తర్వాత ఆమె చేసిన పని, ఆ ఊళ్ళో ఇంకెవరికీ చేయాలని తోచలేదు. ఇల్లిల్లూ తిరిగి రెండే ప్రశ్నలు అడిగింది. మీ ఇంట్లో పాలు ఎవరెవరు తాగుతారు? సూది ఎవరెవరు వేయించుకున్నారు? రెండ్రోజులు తిరిగి పటేలు ఇంటికి వెళ్ళింది. పాలు పోయడానికి లేకపోయినా పటేలు ఇంట్లో పిడకలు చేయడానికి మా అమ్మను రానిచ్చేవాళ్ళు, పిడకకు అంటు లేదు కాబట్టి. ఆ రోజు నేనూ అమ్మతో ఉన్నాను.

"పాలతోనో నీళ్ళతోనో వచ్చే కామెర్లు ఉన్నాయండి, కాదనను. అవైతే ముందు పిల్లలకు వస్తాయి. ఇక్కడ పాలు తాగే ఒక్క పిల్లకీ రాలేదు. వచ్చిన ముగ్గురూ నాట్ల ముందు ఎర్ర సూది వేయించుకున్నవాళ్ళే. ఇవి రక్తంలోంచి రక్తంలోకి పోయే కామెర్లు. లోపల పడ్డాక బయటపడటానికి నెలలు పడతాయి. అందుకే మీకు సూది మీద అనుమానం రాలేదు" అంది.

పటేలు చుట్ట నోట్లోంచి తీశాడు. ఆయన అన్నమాట నేను చచ్చేదాకా మరచిపోను. "ఏందమ్మా గిట్లంటవ్? సూదికి అంటు ఉంటదా? అది ఇనుము. అంటు మనిషికి ఉంటది."

"తిరగేసి చెప్పారండి" అంది నర్సమ్మ. "మనిషిని ముట్టుకోండి, పక్కన కూర్చుని తినండి, ఏమీ కాదు. అంటంతా ఆ సూదికే."

ఆయన నవ్వాడు. నవ్వి ఊరుకున్నా బాగుండేది. ఊరికి కామెర్లు పాకకుండా అందరికీ ఒక సూది వేయమని, వచ్చే గురువారానికి సూది డాక్టరునే పిలిపించాడు. ఆ మహానుభావుడు ఇంకో మెట్టు ఎక్కాడు. రోగం పుట్టిన ఇంట్లోనే ముందు అణచాలి కాబట్టి మొదటి సూది మా నాయినకు వేస్తానన్నాడు. చూశారా? మా బొక్కెన ముట్టుకుంటే మైల. మా కుండ మీద వాలిన ఈగ వాలినా మైల. కానీ మా నాయిన చేతిలోంచి తీసిన సూదిని తమ చేతుల్లో పొడిపించుకోవడానికి ఊరంతా సిద్ధం!

గురువారం మా నాయినను గొంగట్లో చుట్టి అరుగు కిందికి నడిపించుకొచ్చారు. ఎవరికీ తగలకుండా దూరంగా నిలబెట్టారు. సూది డాక్టరు పొడిచాడు. దూదితో తుడిచాడు. వరసలో మొదటివాడు పటేలు తమ్ముడు. నిండా పాతికేళ్ళు లేవు, పెళ్ళయి ఏడాది. అతనికి పొడిచాడు. తర్వాత ఇంకొకరికి. మూడో మనిషి చొక్కా చేయి పైకి మడుస్తుండగా నర్సమ్మ వచ్చింది. ఎవరో చెప్పారట, శేరిలింగంపల్లి నుంచి పరుగున వచ్చింది. చెప్పులు ఎక్కడ జారాయో, కాళ్ళకు లేవు.

"ఆగండి! ఆ సూది ఉడకబెట్టండి! నేను స్టవ్వు తెచ్చాను, ఇరవై నిమిషాలు చాలు!"

"సప్పుడు చెయ్యకుండ పక్కకు జరుగు నర్సమ్మా. నీ గడియారం మోగేదాక మంది నిలబడాల్నా?" అన్నాడు పటేలు.

ఆమె జరగలేదు. డాక్టరు చేతిలోంచి సిరంజి లాక్కుని బండకేసి కొట్టింది. గాజు పగిలి, ఎర్ర మందు బండ మీద చిందింది. అంత నెమ్మదస్తురాలు అలా చేస్తుందని ఎవరూ అనుకోలేదు. ఆమే అనుకుని ఉండదు. తర్వాత కిందికి వంగి, ఎవరి కాల్లోనూ గుచ్చుకోకుండా ఆ సూదినీ గాజు ముక్కల్నీ ఏరి తన గిన్నెలో వేసుకుంది. ఆ వరసలో ఇంకా ఇరవై ఐదు మంది ఉన్నారు. తమను ఆమె దేని నుంచి కాపాడిందో వాళ్ళెవరికీ ఈనాటికీ తెలియదు. వాళ్ళకు తెలిసిందల్లా ఆంధ్రా నర్సు తమ మందు పారబోసిందని.

మూడో రోజుకు ఆమె మీద అర్జీ తయారైంది. నర్సు వద్దు, బదిలీ చేయండి అని. ఊరంతా వేలిముద్రలు వేసింది. ఇప్పుడు రాయబోయేది నేను ఎవరికీ చెప్పని మాట. ఆ కాగితం మీద మా నాయిన వేలిముద్ర కూడా ఉంది.

వేస్తే బర్రెలను బావికాడి తొట్టికి తోలుకోవచ్చని పటేలు మనిషిని పంపాడు. మా అమ్మ అడ్డం పడింది. "మన ఎంగిలి నీళ్ళు తాగిన తల్లి మీద వేస్తవా? నీ చెయ్యి ఎట్ల వస్తది?"

"ఏం చెయ్యమంటవే? ఎన్నొద్దులాయె బర్రెలు కడుపునిండ నీళ్ళు తాగక. నన్ను కుక్కను కొట్టినట్టు కొట్టు, కానీ వాటి మొహం చూడలేకున్న" అన్నాడు నాయిన. వేశాడు. ఆ సాయంత్రం మా బర్రెలు తొట్టి దగ్గర మూతులు పెట్టి తాగుతుంటే ఆయన అక్కడే కూలబడ్డాడు.

బదిలీ కాగితం వచ్చాక నర్సమ్మ చివరిసారి మా ఇంటికి వచ్చింది. నాయిన తల ఎత్తలేదు. ఆమె ఎప్పటిలాగే పీటేసుకుని, ఎప్పటిలాగే ఆయన గిలాసలో నీళ్ళు తాగింది. కళ్ళలో పచ్చదనం తగ్గిందని చెప్పింది, నూనె తినొద్దంది, ఎవరి సూదీ ముట్టొద్దంది. వెళ్తూ నన్ను పిలిచి బుగ్గ నిమిరి, "మీ నాన్న నా మీద వేయలేదమ్మా, బర్రెల కోసం వేశాడు. నువ్వు మాత్రం చదువుకో. చదువుకుని, నిజం తెలిసినప్పుడు చేయి వెనక్కు తీసుకోకు" అంది. ఊరి చివరిదాకా వెంట వెళ్ళింది నేనొక్కదాన్నే. సంచిలో గడియారం టిక్కుటిక్కుమనడం వినపడుతూనే ఉంది.

మా నాయిన బతికాడు, కాలేయం పాడై, సగం మనిషిగా. పటేలు తమ్ముడికి మాఘమాసంలో కళ్ళు పచ్చబడ్డాయి. పక్షం రోజుల్లో పోయాడు. అతని భార్య బొట్టు తుడిచిన రోజున కూడా సూది మాట ఎవరూ ఎత్తలేదు. పాల మాట ఎత్తారు. సూది డాక్టరు కొత్త సిరంజి కొనుక్కుని ఆ తర్వాత చాలా ఏళ్ళు మా ఊరికి వచ్చాడు. ఎవరూ ఎవరినీ క్షమాపణ అడగలేదు. మా ఊరు అద్దాల మేడలైపోయింది కాబట్టి ఇక అడిగేవాళ్ళూ లేరు.

నేను చదువుకున్నాను. ప్రభుత్వ దవాఖానలో రక్తపరీక్షల గదిలో ముప్పై ఏళ్ళు పనిచేశాను. నర్సమ్మ నాకు మళ్ళీ దొరికింది ఆ గదిలోనే. ఎయిడ్స్ గురించి సిబ్బందికి శిక్షణ ఇవ్వడానికి, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ ఒకావిడ వచ్చి బల్ల మీద సంచి దించి, అందులోంచి ఒక అలారం గడియారం తీసి పెట్టింది. గడియారం చూసి గుర్తుపట్టాను. "పాత పాఠమేనమ్మా, కొత్త అట్ట వేశారు" అంది నవ్వుతూ. ముట్టుకుంటే రాదు, కలిసి తింటే రాదు, దోమ కుడితే రాదు. రక్తం ఎక్కించేముందు పరీక్షించండి, సూది ఎవరిది వారికే, పడక దగ్గర కండోమ్ వాడండి, గర్భిణి నుంచి బిడ్డకు సోకకుండా జాగ్రత్తపడండి. చెప్పాల్సింది అంతే. దానికి రోజంతా పట్టింది. ఎందుకంటే ప్రతివాడూ అడిగింది "అది ఎలాంటివాళ్ళకు వస్తుంది?" అని. ఎలా వచ్చిందో కూపీ లాగడంలో ఉన్న సరదా, ఎలా రాదో తెలుసుకోవడంలో లేదు మనవాళ్ళకు.

రెండేళ్ళ కింద అపార్ట్‌మెంటు సంఘం పెద్దలు నర్సమ్మ ఉండే ఫ్లాటుకు వచ్చినప్పుడు నేనక్కడే ఉన్నాను. సాయంగా ఉండే అమ్మాయి మందుల సంచిలోకి ఎవరో తొంగిచూశారు. పనిలోంచి తీసేయండి, లేకపోతే వేరే లిఫ్టు వాడమనండి అన్నారు.

"ఆ పిల్ల సంచి మీరెందుకు చూశారండీ?" అని మొదలుపెట్టింది ఎనభై ఐదేళ్ళ నర్సమ్మ. "లిఫ్టులో మీరేమైనా రక్తం ఎక్కించుకుంటారా? తను మందు బిళ్ళ ఒక్కపూట తప్పదు. మీరు మీ బీపీ బిళ్ళలు అంత శ్రద్ధగా వేసుకుంటున్నారా? గడ్డం గీసుకునే బ్లేడు మాత్రం ఎవరితోనూ పంచుకోకండి, అది ఎవరికైనా మంచిదే." తర్వాత ఆ అమ్మాయిని టీ తెమ్మంది. నర్సమ్మ చేతులు వణికేవి కాబట్టి, వేడి ఎంతుందో ఆ అమ్మాయి ఒక గుక్క తాగి చూసి ఇవ్వడం అలవాటు. వాళ్ళ ముందే ఆ గ్లాసు అందుకుని తాగింది. సంఘం పెద్దలు చెప్పులు వేసుకున్నారు. అమ్మాయి పనిలోనే ఉండిపోయింది.

మంగళవారం నేను వెళ్ళేసరికి హాలు నిండా జనం. అందరి చేతుల్లో కాగితం కప్పులు. వంటింట్లో అన్నీ ఉన్నా, టీ కింద హోటల్ నుంచి తెప్పించారు. ఎందుకో ఎవరూ పైకి అనలేదు. అడగాల్సిన అవసరమూ లేదు. అమ్మాయి వంటింట్లో గోడకు ఆనుకుని ఒక్కతే కూర్చుని ఉంది. కళ్ళు వాచిపోయాయి. పొద్దుట్నుంచి ఆమెను ఎవరూ పలకరించినట్టు లేదు.

"టీ పెడతావా?" అన్నాను.

నమ్మనట్టు చూసింది. "నేను పెడితే తాగుతరా అమ్మా?"

"తాగుతాను. పెట్టు."

లేచి స్టవ్వు మీద గిన్నె పెట్టింది. అదే గిన్నె. మూత ఉన్న స్టీలుది, అడుగు నల్లబడ్డది. సూదులు ఉడికించడం మానేశాక నర్సమ్మ అందులో టీ కాచుకునేదని నాకు తెలియదు. టీ గ్లాసులో పోసి, అమ్మాయి అలవాటు కొద్దీ ఒక గుక్క తాగి, వేడి చూసి, నా వైపు చాపింది. చాపాక గుర్తొచ్చి, భయంతో వెనక్కు లాక్కోబోయింది.

నిజం చెప్పాలి. నా చేయి కూడా ఆగింది. ఒక్క రెప్పపాటు. ముప్పై ఏళ్ళు రక్తం పరీక్షించిన చేయి. గడప అవతల కూర్చుని చదువుకున్న దాని చేయి. ఫోన్‌లో ఆవిడ మీద నాకు వచ్చిన కోపమంతా సిగ్గయి నా నెత్తిన పడింది. ఆ అర్జీ మీద మా నాయిన బొటనవేలి ముద్ర నాకు అప్పుడే అర్థమైంది.

గ్లాసు రెండు చేతులతో అందుకున్నాను. టీ వేడిగా ఉంది, అల్లం ఎక్కువైంది. ఆమె పెదవులు ఆనిన చోటే నా పెదవులు ఆనించి చివరిదాకా తాగాను. అమ్మాయి కళ్ళార్పకుండా చూస్తూ నిలబడింది. తర్వాత ముక్కు చీది, గిన్నెలో మిగిలిన టీ అదే గ్లాసులో పోసుకుని తాగింది.